పాత్రకి ఒక వయసు, నటుడికి ఒక వయసు: ఎక్కడ నమ్ముతాం, ఎక్కడ నవ్వొస్తుంది?

నేలటిక్కెట్:
ఈమధ్య ఒక కొత్త సినిమా చూశాను. పేరు చెప్పను, ఫ్యాన్స్ వచ్చి మీద పడతారు. అందులో హీరోకి అమ్మగా వేసినావిడ హీరో కన్నా వయసులో చిన్న. తెల్ల విగ్గు పెట్టారు, కళ్లజోడు తగిలించారు, ఆవిడ పాపం ప్రాణం పెట్టి చేసింది. అయినా ఆవిడ హీరో తల నిమిరినప్పుడల్లా నాకు నవ్వు ఆగలేదు. పక్క సీటాయన రెండుసార్లు తిరిగి చూశాడు కూడా.

ఆ వారంలోనే గుండమ్మ కథ వస్తుంటే మొదటి నుంచి చివరిదాకా కదలకుండా చూశాను. అయిపోయాక ఊరికే లెక్క వేశాను. సినిమా విడుదల 1962 జూన్. ఎస్వీ రంగారావు పుట్టింది 1918 జూలై, ఎన్టీఆర్ 1923 మే. అంటే తండ్రికి 43, కొడుక్కి 39. సూర్యకాంతం గారు 1924లో పుట్టారు. అత్తగారి కన్నా అల్లుడు దాదాపు ఏడాదిన్నర పెద్ద! ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చూసినా నాకు ఈ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

అక్కడ నమ్మినవాణ్ణి ఇక్కడ ఎందుకు నమ్మలేకపోయాను? పాత సినిమా మీద మమకారమా? లేక వాళ్లు చేసిందేదో వీళ్లు చేయలేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

గళ్లచొక్కా:
సినిమా చూస్తూ క్యాలిక్యులేటర్ తీసేవాడికి ఏ సినిమా నచ్చుతుంది అన్నా 😀

పాతరీళ్లు:
మమకారం కొంత ఉంటుంది, కాదనను. కానీ అదొక్కటే కారణమైతే పాత సినిమాల్లో ప్రతి ముసలి వేషాన్నీ నమ్మాలి. నమ్మం. చెక్కకి పిండి పూసినట్టు కనిపించేవాళ్లు అప్పుడూ ఉన్నారు.

గుమ్మడి గారి సంగతి చూడండి. పుట్టింది 1927. 1955లో వచ్చిన అర్ధాంగిలో ఏఎన్నార్‌కీ జగ్గయ్యకీ తండ్రి, జమీందారు. అప్పటికి ఆయనకి ముప్పై నిండలేదు. ఏఎన్నార్ ఆయన కన్నా పెద్ద. రెండేళ్లకి మాయాబజార్‌లో బలరాముడు. అన్నగారి వయసు 29, తమ్ముడు కృష్ణుడి వయసు 33. పైగా ఆ అన్నగారు సావిత్రికి తండ్రి. ఘటోత్కచుడికి కృష్ణుడు మేనమామ వరస కదా, ఎస్వీఆర్ ఎన్టీఆర్ కన్నా ఐదేళ్లు పెద్ద. ఈ వరసలన్నీ కాగితం మీద రాస్తే ఎవరికీ పెళ్లి కుదరదు. తెర మీద మాత్రం ఒక్కచోట కూడా అడ్డురాదు.

గుమ్మడి గారి గొంతులో తొందర ఉండదు. ఎదుటివాడు మాట పూర్తి చేశాక ఒక క్షణం ఆగి జవాబిస్తారు. ఆ ఆగడంలో ఇంటి పెద్ద కనిపిస్తాడు. మేకప్ ఆ తర్వాతి మాట.

ఇంకో సంగతి. ఆనాటి ప్రేక్షకులు నాటకాల నుంచి వచ్చినవాళ్లు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే చూసినవాళ్లు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు పెద్ద వయసులో కూడా భామ వేషం కడితే ఆ జడ విసురుకి మురిసిపోయిన జనం. ఈలపాట రఘురామయ్య గారు కృష్ణుడిగా వచ్చి పద్యం ఎత్తుకుంటే ఆయన వయసెంతని అడిగినవాడు లేడు. వేషం కట్టుకుని వచ్చి నేను ఫలానా అన్నాక ఇక వాదన ఉండేది కాదు.

నేలటిక్కెట్:
బలరాముడికి 29 ఏళ్లా! ఇది నిజంగా తెలీదు.

రంగులపెట్టె:
నేను మేకప్ పనిలో ఉన్నాను, ఎక్కువగా నాటకాలు, అప్పుడప్పుడు సీరియళ్లు. పాతరీళ్లు గారు మేకప్ తర్వాతి మాట అన్నారు, సరే. ఆ తర్వాతి మాటే చెబుతాను.

నలుపు తెలుపు ఫిల్ము మాకు దేవుడిచ్చిన వరం. నుదుటి మీద పెన్సిల్‌తో గీత గీస్తే తెర మీద అది ముడతలోని నీడలా పడేది. రంగులు వచ్చాక అదే గీత గోధుమరంగు గీతలాగే కనబడుతుంది. ఇప్పుడు 4కె వచ్చి విగ్గు అంచున ఉన్న సన్నటి వల కూడా పట్టిచ్చేస్తోంది.

ముడతలు తెప్పించడానికి పాత పద్ధతి ఒకటుంది, ఇప్పటికీ అదే నాకు ఇష్టం. ఒకరు చర్మాన్ని రెండు వేళ్లతో లాగి పట్టుకుంటారు. ఇంకొకరు స్పాంజి ముక్కతో లిక్విడ్ లేటెక్స్, అంటే ద్రవంలా ఉండే రబ్బరు, పలచగా అద్దుతారు. లాగి పట్టుకుని ఉండగానే డ్రయ్యర్ చల్లగాలి పెట్టి ఆరబెట్టాలి. తెల్లగా ఉన్న లేటెక్స్ ఆరేకొద్దీ కనిపించకుండా పోతుంది. పైన పౌడర్ చల్లి చర్మాన్ని వదిలేస్తే అది తన చోటికి ముడుచుకుంటుంది, పైపొర కూడా దాంతోపాటు సన్నగా ముడతలు పడుతుంది. పౌడర్ మరిచిపోతే ముడతలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఇక మొదటికే. మూడు నాలుగు పొరలు వేశాక కంటి కింద ఇరవై ఐదేళ్ల పిల్లకి అరవై వచ్చేస్తాయి. మన సొంత చర్మమే ముడుచుకుంటుంది కాబట్టి నవ్వినప్పుడు కూడా కృత్రిమంగా కనిపించదు.

ఎక్కడ దొరికిపోతామంటే మెడ దగ్గర, చేతుల దగ్గర. ముఖానికి రెండు గంటలు కూర్చుంటారు, చేతుల దాకా వచ్చేసరికి షాట్ రెడీ అని కేక వస్తుంది. అమ్మగారి ముఖం అరవై, ఆ అమ్మగారు కొడుకు తల నిమిరే చెయ్యి పాతిక. నేలటిక్కెట్ గారూ, మీకు నవ్వొచ్చింది సరిగ్గా తల నిమిరే చోటే అన్నారు చూడండి.

ఇంకోటి, జుట్టు మొత్తం తెల్లగా చేసి కనుబొమ్మలు నల్లగా వదిలేయడం. దీనికి క్షమాపణ లేదు.

గళ్లచొక్కా:
మరి భారతీయుడు? అది లేటెక్సేనా?

రంగులపెట్టె:
అది వేరే స్థాయి, ప్రోస్థెటిక్. ముఖం అచ్చు తీసి, దానిమీద ముక్కలు తయారుచేసి అంటిస్తారు. 1996లో కమల్ హాసన్‌కి 41, తండ్రి పాత్ర సేనాపతికి డెబ్భై పైనే. హాలీవుడ్ నుంచి మైకేల్ వెస్ట్‌మోర్ వచ్చి చేశాడు. కొడుకు వేషం కూడా కమలే కాబట్టి తండ్రి ముఖం పూర్తిగా మారాల్సిందే, వేరే దారి లేదు. కాకపోతే అంత మందం కింద ముఖకండరాలు అంతగా కదలవు. అందుకే ఆ పాత్ర ఎక్కువగా కళ్లతో, చేతివేళ్లతో నడుస్తుంది.

నా ఓటు మాత్రం సాగర సంగమానికి. 1983, కమల్‌కి 28. కళ్లజోడు, కాస్త నెరిసిన జుట్టు, వాలిన భుజాలు, తాగినవాడి తూలుడు. అంటించింది దాదాపు ఏమీ లేదు. అందులో జయప్రద, ఆమె కూతురిగా వేసిన ఎస్పీ శైలజ ఇంచుమించు ఒకే ఈడువాళ్లన్న సంగతి మీలో ఎంతమంది గమనించారు?

వెన్నెలవాకిలి:
అందరూ ముచ్చటగా లెక్కలు చెబుతున్నారు కానీ ఒక విషయం పక్కకి జారిపోతోంది. ఈ తేడా రెండు వైపులా ఒకేలా ఉండదు. మగవాడి విషయంలో పాత్ర వయసు నటుడి కన్నా తగ్గుతూ ఉంటుంది, ఆడవాళ్ల విషయంలో పెరుగుతూ ఉంటుంది.

శ్రీదేవి 1963లో పుట్టింది. 1976లో మూండ్రు ముడిచ్చులో రజనీకాంత్‌కి సవతి తల్లి. పదమూడేళ్ల పిల్ల, ఇరవై ఐదేళ్ల కొడుకు! రాఖీ 1976లో కభీ కభీలో అమితాబ్ ప్రేయసి, 1982లో శక్తిలో అమితాబ్ తల్లి. ఆరేళ్లలో ఆవిడ ఒక తరం దాటేసింది, ఆయన అక్కడే ఉన్నాడు. నిజానికి ఆవిడే ఐదేళ్లు చిన్న. ఇది మన దేశం జబ్బే అనుకోకండి. 2004లో అలెగ్జాండర్ వచ్చినప్పుడు తల్లి ఏంజెలీనా జోలీకి, కొడుకు కాలిన్ ఫారెల్‌కి మధ్య తేడా ఏడాది. 37 ఏళ్ల వయసులో తనని 55 ఏళ్ల నటుడి పక్కన ప్రేయసి పాత్రకి ముదురైపోయావన్నారని మాగీ జిలెన్‌హాల్ 2015లో బయటపెట్టింది.

దీనికి ఇంకో కొస ఉంది. తీరా పెద్దవయసు ఆడవాళ్ల కథ ఒకటి వస్తే అది కూడా పెద్దవాళ్లకి దక్కదు. 2019లో సాండ్ కీ ఆంఖ్‌లో అరవై దాటిన షూటర్ల పాత్రలు తాప్సీకి, భూమి పెడ్నేకర్‌కి ఇచ్చారు. ఇద్దరివీ ముప్పై అటూ ఇటూ. కనీసం మా వయసు పాత్రలైనా మాకివ్వండని నీనా గుప్తా ట్విట్టర్‌లో అడిగింది, తప్పేముంది?

నర్గీస్‌ని మాత్రం ఈ జాబితాలో కలపను. మదర్ ఇండియాలో ఆవిడ, కొడుకుగా వేసిన సునీల్ దత్ 1929 జూన్‌లో ఒకే వారంలో పుట్టారు, ఆ సినిమా వచ్చిన మరుసటేడు పెళ్లి కూడా చేసుకున్నారు. కానీ అందులో ఆ పాత్ర కొత్తకోడలి నుంచి ముసలితనం దాకా నడుస్తుంది. ఎవరో ఒకరు ఆ దూరమంతా నడవాలి కదా.

గళ్లచొక్కా:
మేడమ్, మీరన్నది నిజమే కానీ ఇది వ్యాపారం. జనం టికెట్ కొనేది హీరో ముఖానికి. ఆమిర్ ఖాన్‌కి 3 ఇడియట్స్ టైముకి 44, కాలేజీ కుర్రాడిగా వేశాడు, దేశమంతా చూసింది. నిజంగా ఇరవై ఏళ్ల కొత్త కుర్రాణ్ణి పెడితే అంత డబ్బు ఎవడు పెడతాడు? అమ్మ పాత్రకి ఎవరొచ్చినా సినిమా ఆడుతుంది, హీరో మారితే ఆడదు.

వెన్నెలవాకిలి:
బధాయీ హో 2018లో వచ్చింది. యాభై పైబడిన నీనా గుప్తా ఆ వయసు తల్లిగానే వేసింది, కథే ఆవిడ చుట్టూ తిరుగుతుంది. బ్రహ్మాండంగా ఆడింది. జనానికి ఇష్టం లేదనే మాట నిర్మాతలు జనం పేరుతో చెప్పేది. జనాన్ని అడిగింది ఎవరు?

గళ్లచొక్కా:
ఒక్క సినిమా చూపించి లెక్క మార్చేస్తే ఎలా.

వెన్నెలవాకిలి:
మీరూ ఒక్క 3 ఇడియట్సే చూపించారు తమ్ముడూ.

మూడోగంట:
😀 ఈ పాయింట్ అక్కకే.

నేను నాటకాల మనిషిని. పాతరీళ్లు గారు చెప్పిన 'ఆగడం' గురించి కాస్త రాస్తాను, ఎందుకంటే రిహార్సల్స్‌లో నేను ఎక్కువగా పోట్లాడేది దాని గురించే.

ముసలి వేషం ఇవ్వగానే కుర్రాళ్లందరూ మొదటిరోజు చేసే పని నడుం వంచడం, చెయ్యి వణికించడం, దగ్గడం. నిజంగా ముసలివాళ్లని చూడండి. వాళ్లు వంగినట్టు కనపడకూడదని చూస్తారు. కుర్చీలోంచి లేవాలంటే ముందు చేత్తో ఆసరా వెతుక్కుంటారు, అదీ మాట్లాడుతూనే, ఎవరూ గమనించకుండా. పాదాలు కుర్చీ కిందికి లాక్కుంటారు. ఒంటి బరువు ముందుకి తెచ్చుకుంటారు. అప్పుడు లేస్తారు. లేచాక వెంటనే నడవరు, ఒక క్షణం నిలదొక్కుకుంటారు. వెనక నుంచి పిలిస్తే మెడ ఒక్కటే తిప్పరు, భుజాలతో సహా తిరుగుతారు. కుర్రాడు ఇవేవీ ఆలోచించకుండా లేచేస్తాడు. తేడా అంతా ఆ లేవడానికి ముందున్న ఏర్పాట్లలో ఉంది.

సారాంశ్‌లో అనుపమ్ ఖేర్ ఇది పట్టుకున్నాడు. 1984లో వచ్చింది, చేసేనాటికి 28 ఏళ్లు, వేసింది రిటైరైన మాస్టారి వేషం. కొడుకు అస్థికల కోసం ఆఫీసులో నిలబడే సీనులో ఆ ఒంట్లో ఇరవై ఎనిమిదేళ్లు ఎక్కడా దొరకవు.

తిరగేస్తే ఇదే చిక్కు ది ఐరిష్‌మన్‌కి వచ్చింది. 2019 నాటికి రాబర్ట్ డి నీరోకి 76. ముఖం వయసు కంప్యూటర్లో తగ్గించారు, మూడు కెమెరాలు కలిపి పెట్టి మరీ. ముఖం బాగానే కుదిరింది. కానీ దుకాణదారుణ్ణి రోడ్డు మీద పడేసి తన్నే సీనులో కాలు మాత్రం డెబ్భై దాటినవాడి కాలే. ముఖానికి నలభై, ఆ తన్ను తాతయ్యది. వేలకోట్ల పరిశ్రమ, ఒక మోకాలి దగ్గర ఓడిపోయింది.

పాతరీళ్లు:
ఫ్రెంచి నటి సారా బెర్నార్ 1899లో హామ్లెట్ వేసింది, 54 ఏళ్ల వయసులో. మరుసటి ఏడాది ఇరవై ఏళ్ల యువరాజు వేషం. ఆడమనిషి మగవేషం, పైగా ముప్పై ఐదేళ్ల తేడా. పారిస్ నీరాజనం పట్టింది. మూడోగంట గారూ, వేదిక మీద ఇది చెల్లడానికి దూరం కూడా కారణమే కదా?

మూడోగంట:
అవునండీ, దూరమే సగం మేకప్. మా పదో వరసలో కూర్చున్నాయనకి కంటి కింద ముడత కనపడదు, భుజం కనపడుతుంది. సినిమాలో తలకిందులు. బెన్ ప్లాట్ కథ దీనికి సరిగ్గా సరిపోతుంది. డియర్ ఇవాన్ హాన్సెన్ అనే బ్రాడ్‌వే నాటకంలో హైస్కూలు కుర్రాడిగా వేసి 2017లో టోనీ అవార్డు కొట్టాడు. అదే పాత్ర 2021లో సినిమాలో వేస్తే ముదిరిపోయిన విద్యార్థి అని ఇంటర్నెట్ మొత్తం ఆటపట్టించింది. అప్పటికి అతనికి 27, 28. మనిషీ అతనే, పాటలూ అవే, మధ్యలో ఒక క్లోజప్ వచ్చి చేరింది.

కత్తెర:
ఎడిటింగ్ పని నాది. మీరంతా ఒక్కో మనిషినీ విడిగా కొలుస్తున్నారు. ప్రేక్షకుడు అలా చూడడు. ఫ్రేములో పక్కన ఎవరున్నారో చూసి వయసు కడతాడు.

ది గ్రాడ్యుయేట్ తీసేనాటికి డస్టిన్ హాఫ్మన్‌కి 29, ఆన్ బాన్‌క్రాఫ్ట్‌కి 35. కథలో కుర్రాడు ఇరవై ఒకటి, ఆవిడ తల్లి ఈడుది. ఆరేళ్ల తేడాని ఇరవై ఏళ్లుగా ఎలా అమ్మారు? ఆవిడకి స్థిరత్వం ఇచ్చారు, కాలు మీద కాలు వేసుకుని కదలకుండా కూర్చుంటుంది. అతనికి తడబాటు ఇచ్చారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఇద్దర్నీ ఎదురెదురుగా పెట్టారు. పని ఇద్దరూ చేశారన్నమాట.

ఇప్పుడు నేలటిక్కెట్ గారి గుండమ్మ కథకి రండి. ఎస్వీఆర్ భారీ మనిషి, నిదానంగా మాట్లాడతారు, సరే. అవతల ఎన్టీఆర్ ఏం చేశారు? ముప్పై తొమ్మిదేళ్ల పెద్ద హీరో, అప్పటికే రాముడిగా కృష్ణుడిగా జనం దణ్ణం పెట్టే మనిషి, నిక్కరు వేసుకుని రుబ్బురోలు దగ్గర పాట పాడుకుంటూ పొత్రం తిప్పారు. ఒంట్లో ఎక్కడా పెద్దరికం లేకుండా చేసుకున్నారు. తండ్రి పైకి జరిగాడు, కొడుకు కిందికి జరిగాడు. అలా వచ్చింది ఆ పాతికేళ్ల తేడా.

మీరు చూసిన కొత్త సినిమాలో ఏమై ఉంటుందో నేను చూడకుండానే చెప్పగలను. అమ్మ ఒక్కతే కష్టపడింది. విగ్గు ఆవిడకి, ముడతలు ఆవిడకి, దగ్గు ఆవిడకి. హీరో మాత్రం అంతకుముందు సినిమాలో ఎలా నిలబడ్డాడో ఇందులోనూ అలాగే నిలబడ్డాడు. తల్లి ఎదురుగా కొడుకయ్యే పని అతను చేయలేదు. ఇక ఆవిడ ఎన్ని పొరల లేటెక్స్ వేసుకుని ఏం లాభం?

నేలటిక్కెట్:
అచ్చంగా అంతే. ఆవిడ చెయ్యి వేసినప్పుడు అతను తల కూడా వంచలేదు. ఆవిడే మునివేళ్ల మీద నిలబడింది!

వెన్నెలవాకిలి:
కత్తెర గారూ, నేను ఇంత పొడుగు రాసింది మీరు తేల్చిచెప్పారు. బరువు ఒకరి మీదే వేస్తారు, అది ఎప్పుడూ ఆడవాళ్ల మీదే పడుతుంది.

కత్తెర:
ఎప్పుడూ అని అనను. బ్యాక్ టు ద ఫ్యూచర్‌లో తండ్రి వేషం వేసిన క్రిస్పిన్ గ్లోవర్ కొడుకు మైకేల్ జె ఫాక్స్ కన్నా మూడేళ్లు చిన్న. యువకుడిగానూ నడివయసులోనూ అతనే కనిపిస్తాడు. ద గోల్డెన్ గర్ల్స్ సీరియల్లో ఎస్టెల్ గెటీ తన కూతురిగా వేసిన బియా ఆర్థర్ కన్నా ఏడాది పైన చిన్నది. ఇక్కడ ఆడవాళ్లే కానీ ఇద్దరూ అరవై దాటినవాళ్లే, ఎవరి పని వాళ్లు సమానంగా చేశారు. ఏళ్లకి ఏళ్లు నడిచింది.

ఇంకో కిటుకు. పాత్ర జీవితమంతా చూపించాలంటే మధ్య వయసువాణ్ణి తీసుకోవడం. గాంధీలో కథ 23 ఏళ్ల లాయరుతో మొదలై 78 దగ్గర ముగుస్తుంది. షూటింగ్ నాటికి బెన్ కింగ్‌స్లీకి 36-37. కిందికి పద్నాలుగేళ్లు, పైకి నలభై. కిందికి వెళ్లడమే కష్టం, అందుకే ఆ దూరం తక్కువ ఉండేలా చూసుకోవాలి.

చివరిబెంచి:
ఇంత అవస్థ ఎందుకు, పాత్ర వయసు ఎంతో అంత వయసువాళ్లనే పెట్టొచ్చుగా? హైస్కూలు పిల్లలుగా ముప్పై ఏళ్లవాళ్లు ఎందుకు? గ్రీజ్‌లో స్టాకర్డ్ ఛానింగ్‌కి 33 అట. హ్యారీ పాటర్‌లో ఇంకా దారుణం. పుస్తకంలో హ్యారీ అమ్మానాన్నలు 21 ఏళ్లకే చనిపోతారు. సినిమాలో ఆ ఇద్దరూ నడివయసు దంపతుల్లా ఉంటారు. స్నేప్ మొదట్లో ముప్పై ఒకటి, ఆలన్ రిక్‌మన్‌కి అప్పటికి 55. రిక్‌మన్ అద్భుతం, వాదన లేదు. కానీ 21 ఏళ్ల పిల్లలు చంటిబిడ్డని కాపాడుకుంటూ చచ్చిపోయారన్న బాధ సినిమాలో రానే రాదు. ఇది మేకప్ గొడవ కాదండీ, కథకే దెబ్బ.

పాతరీళ్లు:
మంచి మాట పట్టుకున్నారు. మనం ఇప్పటిదాకా నమ్మకం గురించే మాట్లాడుకున్నాం. నమ్మినా కూడా కథలో ఒక ముక్క పోతుందన్నది వేరే సంగతి.

రంగులపెట్టె:
పిల్లల విషయంలో నిబంధనలు కూడా అడ్డం, చివరిబెంచి గారూ. భారతదేశంలో 2017 నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం బాలనటుల చేత రోజుకి ఐదు గంటలకి మించి పనిచేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులు మించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం ఆ పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మంచి రూల్సే. కానీ ప్రొడక్షన్ మేనేజర్ ఏమంటాడు? పద్దెనిమిది నిండి పదిహేనులా కనపడే పిల్లని పట్టుకురా అంటాడు. రెండు మూడేళ్ల తేడా ఎవరికీ పట్టదు. అది ముప్పై దాకా పాకితేనే నవ్వులాట.

వెన్నెలవాకిలి:
అసలు వయసువాళ్లని పెట్టడం అన్నిసార్లూ మంచిది కూడా కాదు. రోమియో జూలియట్‌లో జూలియట్‌కి పద్నాలుగు నిండలేదు. 1936 సినిమాలో ఆ జంట 1902లో పుట్టిన నార్మా షియరర్, 1893లో పుట్టిన లెస్లీ హోవర్డ్. చూస్తే నవ్వొస్తుంది, నిజమే. 1968లో జెఫిరెల్లీ ఆ తప్పు చేయకుండా పద్దెనిమిది నిండని ఇద్దర్ని పెట్టాడు, సినిమా గొప్పగా వచ్చింది. అందులోని ఒక నగ్న దృశ్యం మీద ఆ ఇద్దరూ 2022 చివర్లో, డెబ్భై దాటాక, నిర్మాణ సంస్థ మీద కేసు వేశారు. 2023లో కోర్టు కొట్టేసింది. కేసు గెలుపోటములు పక్కనపెడితే, ఆ పాత్రల్లో ముప్పై ఏళ్లవాళ్లని పెడితే మహా అయితే మనం నవ్వేవాళ్లం.

వేటగాడు కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి. 1972లో బడిపంతులులో ఎన్టీఆర్‌కి మనవరాలిగా వేసిన శ్రీదేవి 1979లో వేటగాడులో ఆయనకి హీరోయిన్. ఆయనకి 56, ఆమెకి పదహారు నిండలేదు. పాత్ర వయసుకి ఆమె కుదిరింది కదా అని ఊరుకుందామా?

పాతరీళ్లు:
ఆనాటి పద్ధతుల్ని ఈనాటి కళ్లతో చూస్తే అన్నీ తప్పులే అమ్మా. అప్పట్లో జనం ఈలలు వేసి చూశారు.

వెన్నెలవాకిలి:
జనం ఈల వేశారన్నది వసూళ్లకి సాక్ష్యం. ఆ పిల్ల అప్పుడు ఎలా ఉందన్నదానికి కాదు. మీ మీద గౌరవంతోనే అంటున్నాను.

పాతరీళ్లు:
సరే, ఈ విషయంలో మనిద్దరికీ పొసగదు. గుమ్మడి గారి దగ్గర మళ్లీ కలుద్దాం.

గళ్లచొక్కా:
ఇంకో రెండేళ్లలో ఏఐ వచ్చి అందర్నీ పాతికేళ్లవాళ్లని చేసేస్తుంది, అప్పుడు ఈ గొడవే ఉండదు.

కత్తెర:
పైన మోకాలి సంగతి చదివావా తమ్ముడూ?

మూడోగంట:
ఇంత అనుభవం ఒకేచోట పోగైంది కాబట్టి నా పని కానిచ్చుకుంటాను. మా కొత్త నాటకంలో తల్లికి అరవై ఐదు, కొడుక్కి నలభై. కొడుకు వేషానికి నలభై రెండేళ్ల ఆయన ఖాయం. తల్లికి ఇద్దరు ఉన్నారు. ఒకావిడకి యాభై ఎనిమిది, సరిగ్గా సరిపోతుంది, కానీ గొంతు పదో వరస దాకా వెళ్లదు, మైకులు పెట్టే ఉద్దేశం నాకు లేదు. ఇంకో అమ్మాయికి ముప్పై ఒకటి, గొంతు గంట మోగినట్టు ఉంటుంది, మంచి నటి. మొదటి రీడింగ్‌లో అమ్మాయి బాగా చేసింది. కమిటీలో ఎక్కువమంది అమ్మాయి వైపే ఉన్నారు.

వెన్నెలవాకిలి:
యాభై ఎనిమిదేళ్లావిడకి వేరే ఏ నాటకంలో హీరోయిన్ వేషం ఇస్తారండీ? ఇది కూడా లాక్కుంటే ఇంకేం మిగిలింది? మైకు పెట్టండి.

కత్తెర:
ఇద్దర్నీ విడివిడిగా కాకుండా ఆ నలభై రెండేళ్లాయన పక్కన నిలబెట్టి చూడండి. ఒకే సీను, రెండుసార్లు. ఆయనకి ముందే చెప్పండి, అమ్మాయి ఎదురుగా ఉన్నప్పుడు కూడా కొడుకులాగే నిలబడాలని. అతను చేయలేకపోతే అమ్మాయిని మరిచిపోండి, ఎంత బాగా చేసినా దండగ.

రంగులపెట్టె:
మైకు ఇప్పుడు పెద్ద సమస్య కాదు. చెంప మీద అతికించేవి చర్మం రంగులోనే దొరుకుతాయి, ముందు వరసకి కూడా కనపడవు. అమ్మాయినే తీసుకుంటే చేతులకి నాకు విడిగా ఒక అరగంట కావాలి, అది ముందే రాసి ఇవ్వండి. మెడకి పైట చుట్టేసి తప్పించుకోవచ్చు, చేతుల్ని దాచలేం. పెద్దావిడే అయితే నాకు పనేమీ ఉండదు, పౌడర్ డబ్బా చాలు.

మూడోగంట:
శనివారం ఇద్దర్నీ పిలుస్తున్నాను, కత్తెర గారు చెప్పినట్టే ఆయన పక్కన. పాతరీళ్లు గారూ, మీకు వీలైతే రండి, పదో వరసలో కూర్చుని వినిపిస్తోందో లేదో చెప్పేవాళ్లు ఒకరు కావాలి.

పాతరీళ్లు:
వస్తాను. వెన్నెలవాకిలి గారిని కూడా పిలవండి, నాకు చెవులు కాస్త మందగించాయి.